రాయబారియైన పాదిరిగారు: క్రిస్టియన్ ఫ్రెడరిక్ స్వార్ట్జు

రాయబారము అనగానే మన తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది నాటకరంగము. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములు ఆడని ఊరు మన జిల్లాలలో అరుదు. కృష్ణుడు కౌరవసభకు వెళ్ళే ఘట్టము కొరకు తెల్లవారుజాము వరకు మేలుకొని కూర్చున్నవారు మన సంఘములలో కూడ ఉన్నారు. అయితే మన తెలుగు బైబిలులో ఆ మాట వేరొక బరువుతో కనబడుతున్నది. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 5వ అధ్యాయములో తనను, తన జతపనివారిని క్రీస్తుకు రాయబారులని చెప్పుకొన్నాడు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక చివరకు వచ్చేసరికి తాను సంకెళ్ళలో ఉన్న రాయబారినని తెలియజేశాడు. రాయబారిని బంధించుట ఏ రాజ్యములోనూ న్యాయము కాదు. దావీదు రాజు పరామర్శకు పంపిన సేవకుల గడ్డములు సగము గొరిగించి అవమానించినందుకు అమ్మోనీయుల రాజైన హానూను ఎంత పెద్ద యుద్ధమును తలమీదికి తెచ్చుకొన్నాడో రెండవ సమూయేలు గ్రంథము 10వ అధ్యాయములో చదువుతాము. రాయబారికి చేసిన అవమానము పంపినవానికి చేసినదే. అందుకే ఈనాటికీ దేశములు ఆ మర్యాదను కాపాడుకొంటున్నవి. 1961లో వియన్నాలో కుదిరిన ఒడంబడిక ప్రకారము రాయబారిని అతడున్న దేశము అరెస్టు చేయకూడదు, అతని కార్యాలయములో అనుమతి లేకుండ అడుగు పెట్టకూడదు.

రాయబారి పని ఏమిటి? పంపినవాని మాటను తగ్గించకుండ, పెంచకుండ చేర్చుట. అవతలివాని మాటను అదే విధముగ తిరిగి తెచ్చుట. పూర్వము మన రాజులు పరాయి కొలువులో నిలిపిన మనుష్యుని స్థానాపతి అనేవారు. మొగలాయీల కాలము వచ్చేసరికి వకీలు అన్నారు. పేరు ఏదైనా అతని మూలధనము ఒక్కటే, అతని మాటమీద ఇరుపక్షములకు గల నమ్మకము. మరి మాట మోసుకొని వెళ్ళినవాడు నిజాయితీపరుడై, పంపినవారు నిజాయితీపరులు కానప్పుడు ఏమవుతుంది? ఈ ప్రశ్న మనకు ఊరకే పుట్టినది కాదు. పాదిరులు పరాయి ప్రభుత్వముల మనుషులేనని, సువార్త అనేది పైన కప్పుకొన్న దుప్పటి మాత్రమేనని మన తాతల కాలము నుండి ఒక నింద వినబడుతున్నది. ఆ నిందకు కోపముతో జవాబు చెప్పుట సులభము. దానికంటె, ఒక పాదిరిగారు నిజముగానే ఒక ప్రభుత్వమునకు రాయబారియై వెళ్ళినప్పుడు ఏమి జరిగినదో చూచుట మేలని మేము తలంచి, శతవార్షికోత్సవ సంచికకు స్వార్ట్జుగారి జీవితమును ఎన్నుకొన్నాము.

క్రిస్టియన్ ఫ్రెడరిక్ స్వార్ట్జుగారు 1726 అక్టోబరులో ప్రష్యా రాజ్యములోని సోనెన్‌బర్గ్ అను చిన్న పట్టణములో జన్మించారు. నేడు ఆ ఊరు పోలండు దేశములో ఉన్నది. తల్లి ఆయన పసితనములోనే చనిపోయింది. చనిపోకముందు ఈ బిడ్డను దేవుని సేవకు ప్రతిష్ఠించితినని భర్తకు, పాస్టరుగారికి చెప్పిపోయింది. 1746లో ఆయన హాలే విశ్వవిద్యాలయములో చేరారు. అక్కడ మన తెలుగువారికి బాగుగ జ్ఞాపకముండవలసిన ఒక వృద్ధ మిషనరీ ఆయనకు తారసపడ్డారు. ఆయనే బెంజమిన్ షుల్జుగారు. మద్రాసులో ఉండగా బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసి, అనారోగ్యముచేత 1743లో ఐరోపా తిరిగి వెళ్ళిన షుల్జుగారు హాలే పట్టణములో 1746, 1747 సంవత్సరములలో తెలుగు లిపిలో చిన్న క్రైస్తవ గ్రంథములను అచ్చు వేయించారు. అచ్చయిన తెలుగు పుస్తకములలో మొట్టమొదటివి అవే. ఆయన చేసిన తెలుగు బైబిలు మాత్రము వ్రాతప్రతిగానే ఉండిపోయింది. అదే సంవత్సరములలో ఆయనయొద్ద స్వార్ట్జు అను ఇరువదేండ్ల విద్యార్థి తమిళము నేర్చుకొన్నాడు. దక్షిణ దేశములో ఆ తరువాత జరిగినదంతయు ఆ తరగతి గదిలో మొదలైనదని చెప్పవచ్చును.

1749లో కోపెన్‌హాగన్‌లో గురుపట్టము పొంది, 1750 జనవరిలో ఓడ ఎక్కి, జూలై నాటికి డేనిష్‌వారి రేవు పట్టణమైన తరంగంబాడి చేరారు. నాలుగు నెలలలోపలే తమిళములో మొదటి ప్రసంగము చేశారు. మరల స్వదేశము చూడలేదు. వివాహము చేసుకొనలేదు. 48 సంవత్సరములు ఈ నేలమీదనే గడిపి ఈ నేలలోనే కలిసిపోయారు.

1762 నుండి ఆయన పని తంజావూరు, తిరుచినాపల్లి వైపు విస్తరించింది. 1766లో తిరుచినాపల్లి కోటలో దేవాలయము కట్టించారు. మరుసటి సంవత్సరము నుండి ఇంగ్లండులోని క్రైస్తవ జ్ఞాన ప్రచార సంఘము ఆయనను పోషించింది. పోషించింది అన్నమాటే గాని, ఆ రోజులలో ఆయన ఏడాది రాబడి 48 పౌనులు. దండులోని కల్నలుగారిని అడిగి పాత భవనములో ఒక గది సంపాదించారు. అందులో ఆయన మంచము, ఆయన తప్ప మరేమియు పట్టదు. పొడగరి లోపల నిటారుగ నిలువలేడు. నల్లరంగు అద్దిన నూలు బట్ట ఆయన ఉడుపు. ఉడికించిన అన్నము, కూరగాయలు ఆయన భోజనము. ఈ వివరములను మేము ఊరకే చెప్పుట లేదు. తరువాతి కాలములో శ్రీరంగపట్టణములో ఆయన మాట చెల్లుటకు ఈ గదియే కారణము.

తంజావూరును అప్పుడు మరాఠా వంశీయుడైన తుళజాజీ మహారాజు పరిపాలిస్తున్నాడు. 1769లో ఆయన స్వార్ట్జుగారిని పిలిపించాడు. మొదట దుబాసీ మధ్యన నిలబడి పారశీక భాషలో మాటలు చేరవేశాడు. అతడు చెప్పవలసినది సరిగా చెప్పుట లేదని స్వార్ట్జుగారు కనిపెట్టి, మహారాజుకు తమిళము వచ్చునా అని అడిగి, వచ్చునని తెలిసికొని, దుబాసీని పక్కన పెట్టి సూటిగా మాట్లాడారు. మిఠాయిలు తెచ్చినప్పుడు, తాము తినకముందు దేవునికి కృతజ్ఞత చెల్లించుట క్రైస్తవుల వాడుకయని చెప్పి, రాజు కోరగా సభలోనే ప్రార్థన చేశారు. ఆ తరువాత దర్బారులో మాట్లాడుటకు మరాఠీ కూడ నేర్చుకొన్నారు. తుళజాజీ ఎన్నడును బాప్తిస్మము పొందలేదు. కాని ధనమును లక్ష్యపెట్టని మనిషి కనుక ఈ పాదిరియందు తనకు నమ్మకము కలదని మాత్రము బాహాటముగ చెప్పేవాడు.

ఇక అసలు కథకు వస్తాము. 1779 నాటి పరిస్థితి తెలియనిదే ఈ రాయబారపు బరువు అర్థము కాదు. పది సంవత్సరములకు పూర్వము, 1769 ఏప్రిల్‌లో, మైసూరు పాలకుడు హైదరాలీ మద్రాసు గుమ్మము వరకు గుఱ్ఱములను నడిపించి ఆంగ్లేయులచేత సంధి చేయించుకొన్నాడు. ఒకరిమీద శత్రువు పడితే రెండవవారు సహాయపడవలెనని అందులో ఉన్నది. తరువాతి సంవత్సరమే మరాఠీలు హైదరుమీద పడ్డారు. మద్రాసువారు కదలలేదు. హైదరు ఈ సంగతిని మరచే మనిషి కాడు. 1779 మార్చిలో ఆంగ్లేయులు మలబారు తీరములోని ఫ్రెంచివారి మాహే రేవును పట్టుకొన్నారు. అది తన రక్షణలో ఉన్నదని హైదరు ముందే హెచ్చరించి ఉన్నాడు. ఇంతలో మన గుంటూరు సీమ కూడ ఈ తగవులోనికి వచ్చింది. ఆదవానిలో ఉన్న నిజాము తమ్ముడు బసాలత్ జంగు చేతిలోని గుంటూరు సర్కారును మద్రాసువారు అతనియొద్దనుండి పుచ్చుకొని, అతనికి తోడుగ కర్నల్ హార్పరు క్రింద ఒక పటాలమును పంపారు. ఆ పటాలము కడప కనుమల గుండ వెళ్ళవలెను. కడప సీమను హైదరు అప్పటికే జయించి ఉన్నాడు. అతని అనుమతి అడుగకనే సైన్యమును నడిపించారు. హైదరు మనుష్యులు దారి కట్టివేశారు.

ఇట్టి సమయమున మద్రాసు గవర్నరు సర్ థామస్ రంబోల్డు దొర స్వార్ట్జుగారిని పిలిపించి, రహస్యముగ హైదరాలీ యొద్దకు వెళ్ళి అతని ఉద్దేశము తెలిసికొని, మద్రాసు ప్రభుత్వము సమాధానమునే కోరుతున్నదని నమ్మకము చెప్పి రావలసినదని అడిగాడు.

హైదరే ఈ పాదిరిని పంపమని కోరినట్లు, కంపెనీ మనుష్యులను తాను నమ్మనని, ఈయన మాత్రము మోసగించడని చెప్పినట్లు అనేక పుస్తకములలో వ్రాయబడియున్నది. వినుటకు చాల ఇంపైన కథ. కాని స్వార్ట్జుగారు తమ దినచర్యలో వ్రాసికొన్నది గవర్నరు తమను పిలిచి అడిగిన సంగతియే. మేము దానినే నమ్ముతున్నాము. ఆయన ఘనతకు ఆ కథ అవసరము లేదు.

ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. ప్రార్థించుటకు గడువు అడిగారు. మూడు కారణములచేత ఒప్పుకొన్నట్లు తరువాత వ్రాశారు. ఇది కుట్ర పని కాదు, యుద్ధమును తప్పించే పని. వెళ్ళిన చోటనెల్ల సువార్త చెప్పుటకు మార్గము దొరుకుతుంది. కంపెనీవారు, ఇతర ఆంగ్లేయులు ఇంతకాలము చూపిన దయకు కృతజ్ఞత చెల్లించినట్లవుతుంది. దానితోపాటు, ఏ కానుకతోను చేతులు మలినము చేసికొనకూడదని కూడ నిశ్చయించుకొన్నారు. ఆ కాలములో ఇది చిన్న సంగతి కాదు. దర్బారుకు వెళ్ళిన ప్రతి దొర సంచి నింపుకొని వచ్చే రోజులవి. రంబోల్డు దొర మీద కూడ తరువాత లంచముల విషయమై పార్లమెంటులో అభియోగములు వచ్చినవి.

1779 జూలై ప్రారంభములో తంజావూరు విడిచారు. ఉపదేశకుడు సత్యనాథము వెంట నడిచాడు. హైదరు సరిహద్దులోని కరూరులో అనుమతి కొరకు ఇంచుమించు నెల దినములు నిలిచిపోవలసి వచ్చింది. ఆ నెల వ్యర్థము కాలేదు. ప్రతి దినము వీరిద్దరు ఊరి వీధులలో జనముతో మాట్లాడారు. తరువాత గజలహట్టి కనుమ ఎక్కి ఆగష్టు నెలాఖరుకు శ్రీరంగపట్టణము చేరారు.

హైదరు ఆయనను తన పక్కనే రత్నకంబళిమీద కూర్చుండబెట్టుకొన్నాడు. చెప్పినదంతయు శ్రద్ధగ విన్నాడు. ఐరోపావారు చేసిన ప్రమాణములను వారే మీరినారని, అయినను వారితో సమాధానముగ ఉండుటకు తనకు అభ్యంతరము లేదని దాపరికము లేకుండ చెప్పాడు. సందర్శనముల నడుమ స్వార్ట్జుగారు ఆ రాజ్యమును కన్నులు తెరచి చూచారు. హైదరుకు చదువు రాదు. అయినను ఒకే సమయమున పలువురు లేఖకులకు జవాబులు చెప్పి వ్రాయించే జ్ఞాపకశక్తి కలదు. పన్ను వసూలు చేసే అధికారులు తప్పు చేస్తే కొరడా దెబ్బలు తప్పవు. కొట్టుటకు నియమింపబడిన మనుష్యులు వందల సంఖ్యలో ఎప్పుడును సిద్ధముగ ఉంటారు. దెబ్బలు పడని దినము లేదు. ఈ క్రూరత్వమును ఆయన దాచలేదు. అదే కలముతో, హైదరు తన రాజ్యములో అనాథ బాలుని ఎవనిని దిక్కులేక వదలివేయడని, వారికి అన్నవస్త్రములిచ్చి ఒక దళముగ చేసి పెంచుతాడని కూడ వ్రాశారు. శత్రువు ఇంటిలో కనబడిన మంచిని కూడ పంపినవారికి తెలియజేయుట రాయబారి ధర్మమే. అంతఃకరణశుద్ధి లేనివాడు ఆ పని చేయలేడు. యజమానికి రుచించే మాటలే ఏరుకొని తెస్తాడు.

హైదరు సైన్యములో జర్మనులు, ఇతర ఐరోపావారు కొందరు కొలువు చేస్తున్నారు. వారికొరకు స్వార్ట్జుగారు కోట సమీపమున గుడారములో ఆదివారపు ఆరాధన జరిపారు. హైదరు అడ్డు చెప్పలేదు. తురకలు, బ్రాహ్మణులు వచ్చి ప్రశ్నలు వేస్తే వారితోను మాట్లాడారు. ప్రభుత్వ కార్యముమీద వచ్చితిని కనుక యేసు పేరెత్తరాదని ఆయన అనుకొనలేదు. సువార్త చెప్పుచున్నాను కనుక ప్రభుత్వ కార్యమును అశ్రద్ధ చేయవచ్చునని కూడ అనుకొనలేదు.

కడపటి సాయంకాలము సెలవు తీసికొనునప్పుడు హైదరు ఆయనను పారశీకములో మాట్లాడుమని కోరాడు. అప్పుడు స్వార్ట్జుగారు తాము వచ్చిన కారణమును విప్పి చెప్పారు. రాజకీయములతో పనిలేని ఒక గురువు ఇంత దూరము రావడము వింతగ తోచవచ్చునని, అయితే సమాధానము నిలుపుటకే ఈ ప్రయాణమని తమకు స్పష్టముగ చెప్పబడినదని, యుద్ధము తెచ్చే దుఃఖములను తాము పలుమారులు కన్నులార చూచితిమని, సమాధానకర్తయగు దేవుని సేవకునికి ఈ పని తలవంపు కాదని తలంచితిమని చెప్పారు. ఈ మాటలు చెప్పుటకు ఆయనకు అధికారము ఉన్నది. 1764లో మధుర ముట్టడి నాటి క్షతగాత్రుల మధ్య ఆయన రాత్రింబవళ్ళు తిరిగినవారు. హైదరు సంతోషించి, ఆంగ్లేయులు సమాధాన హస్తము చాపితే తాను చేయి వెనుకకు తీయనని, అయితే అందుకొక షరతు ఉన్నదని చెప్పాడు. ఆ షరతు ఏమిటో స్వార్ట్జుగారు దినచర్యలో వ్రాయలేదు. అక్కడ చుక్కలు మాత్రమే పెట్టి విడిచారు. రహస్య కార్యమును రహస్యముగానే ఉంచారు.

బయలుదేరేటప్పుడు దారి ఖర్చులకని హైదరు 300 రూపాయలు సంచిలో పెట్టి పంపించాడు. తిరిగి ఇచ్చివేస్తే అవమానించినట్లగునని చెప్పారు. ఆయన దానిని తెచ్చి మద్రాసు ప్రభుత్వము ముందు పెట్టారు. వారు మీరే ఉంచుకొనుడనగా, ఆ సొమ్మును తంజావూరులో అనాథ పిల్లల ఇంగ్లీషు పాఠశాలకు మూలధనముగ పెట్టారు. ప్రభుత్వము ఇవ్వబోయిన బహుమానమును కూడ నిరాకరించి, తిరుచినాపల్లిలో పనిచేయుచున్న పోలేగారికి కొంత జీతము ఏర్పాటు చేయవలసినదని మాత్రము అడిగారు.

హైదరు ఇచ్చిన లేఖలో ఏమున్నది? ఆంగ్లేయులు మాట తప్పిన సందర్భములన్నియు వరుసగ ఉన్నవి. సంధి మీరుట, మాహే, కడప దారిలో నడచిన పటాలము, అన్నీ. ఆ జాబితాలో అబద్ధము లేదు. స్వార్ట్జుగారు సమాధానపు మాటలతో కనుమలు ఎక్కుచున్న ఆ దినములలోనే ఆయనను పంపిన ప్రభుత్వపు సైన్యము అనుమతి లేకుండ హైదరు భూమిలో కాలు పెట్టింది. అనగా, రాయబారి నోటిలో ఒక మాట, పంపినవారి చేతిలో వేరొకటి. హైదరును కొంతకాలము మాటలతో నిలిపి ఉంచుటకే ఈ పరిశుద్ధుని పంపినారా అని అడిగితే, రంబోల్డు దొర పక్షమున చెప్పుటకు మాకేమియు తోచుట లేదు. స్వార్ట్జుగారు తెచ్చిన నివేదికను మద్రాసువారు లక్ష్యము చేయలేదు. 1780 ప్రారంభములో గ్రే అను దొరను కానుకలతో పంపితే హైదరు ఆ కానుకలను తిప్పి పంపి, అతనిని చులకనగ చూచి సాగనంపాడు. వట్టిచేతులతో వెళ్ళిన పాదిరికి రత్నకంబళి, కానుకలతో వెళ్ళిన దొరకు అగౌరవము!

1780 జూలైలో హైదరు ఎనభై వేలకు పైబడిన సైన్యముతో కనుమలు దిగి కర్ణాటకముమీద పడ్డాడు. సెప్టెంబరు 10న కాంచీపురము చెంత పుల్లలూరులో కర్నల్ బెయిలీ దళము నాశనమైంది. ఊళ్ళు తగులబడినవి. తంజావూరు సీమలో కాలువలు తెగి పంటలు పోయినవి. ఆ రాయబారము విఫలమైందనక తప్పదు.

అయితే ఇక్కడనే మేము చదువరుల దృష్టిని ఒక సంగతిమీద నిలుపగోరుచున్నాము. అంత పగతో యుద్ధమునకు దిగిన హైదరు, వృద్ధ పాదిరిని ఎవ్వరును అడ్డగింపరాదని, ఆయన ఎక్కడికి వెళ్ళినను గౌరవించి దారి విడువవలెనని తన సైన్యాధికారులకు ఉత్తరువు ఇచ్చాడు. పంపినవారు చేసిన మోసమును హైదరు రాయబారి లెక్కలో వ్రాయలేదు. ఇద్దరిని వేరు చేసి చూడగలిగాడు. శత్రుసైన్యముల నడుమ స్వార్ట్జుగారు తమ సంఘములను సందర్శించుచు తిరుగుటకు ఈ ఉత్తరువే ఆధారమైంది. ఆయనను వెళ్ళకుండ ఉండవలసిందని తీర్పు చెప్పుట మనకు తేలిక. వెళ్ళకున్నచో ఆ ఉత్తరువు ఉండేది కాదు, దాని వెనుక బ్రతికిన ప్రాణములు ఉండేవి కావు.

యుద్ధము రాకమునుపే కరవును ముందుచూపుతో గ్రహించి ధర చౌకగ ఉన్నప్పుడే వడ్లు కొని నిలువచేసి ఉంచారు. కరవు వచ్చినప్పుడు ఆకలిగొన్నవారికి దినదినము పంచిపెట్టారు. తంజావూరు కోటలో సైన్యమునకు, జనమునకు తిండి లేక వీధులలో శవములు పడుచున్న దినములలో, చుట్టుపట్ల పల్లెలలో ధాన్యము లేకపోలేదు. తోలి తెచ్చుటకు ఎడ్లు దొరకలేదు. అంతకు ముందు తెచ్చినవారికి సర్కారు డబ్బు ఇవ్వకపోవుటచేత రైతులు రాజు మాటను, కంపెనీ మాటను నమ్మలేదు. చివరకు మహారాజు స్వార్ట్జుగారిని బతిమాలుకొన్నాడు. ప్రతి ఎద్దుకు నేను పూచీ అని ఆయన కబురు చేయగా ఒకటి రెండు దినములలో వెయ్యికి పైగా ఎడ్లు వచ్చినవి. 80 వేల కలముల ధాన్యము కోటలోనికి చేరింది. వచ్చిన ప్రతివానికి ఆయన స్వయముగ కూలి చెల్లించి పంపారు. హైదరాలీ మొదలుకొని పేరులేని బండిరైతు వరకు అందరు పరిశీలించినది ఒకే కాగితము. అది గవర్నరు ఇచ్చిన నియామక పత్రము కాదు.

హైదరు 1782 డిసెంబరులో మన చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేట దగ్గర పాళెములో మరణించాడు. మరుసటి సంవత్సరము అతని కుమారుడు టిప్పు సుల్తానుతో సంధి మాట్లాడుటకు మెకార్ట్నీ ప్రభువు కమీషనర్లను పంపుచు, స్వార్ట్జుగారిని కూడ తోడు వెళ్ళమన్నాడు. ఈసారి సత్యమంగళము దగ్గర టిప్పు అధికారులు దారి ఇవ్వలేదు. ఆయన తిరిగి వచ్చారు. సంధి ఆయన లేకనే 1784 మార్చి 11న మంగుళూరులో జరిగింది. ఆ యుద్ధములో దక్షిణ సైన్యమును నడిపిన కర్నల్ ఫులర్టను మాత్రము, ఐరోపావారందరు భ్రష్టులేనన్న అపవాదును తొలగించినది ఈ మిషనరీ యొక్క నిష్కళంకమైన నడవడియేనని తన గ్రంథములో వ్రాశాడు. తన జాతినిగూర్చి ఒక సైనికుడు ఇట్లు ఒప్పుకొనుట అరుదు.

యుద్ధానంతరము తంజావూరు మంత్రి చేసిన పీడనకు తాళలేక రైతులు వేల సంఖ్యలో పొరుగు సీమలకు పారిపోయారు. రాజు పిలిచినను రాలేదు. స్వార్ట్జుగారు న్యాయము జరుగునని మాట ఇవ్వగా ఒకే దినమున 7,000 మంది తిరిగి వచ్చారు. దుక్కి కాలము దాటిపోయినందున రాత్రులు కూడ పనిచేయుదుమని చెప్పి పొలములలో దిగారు. ఆ కాలముననే, రెసిడెంటు సల్లివాను దొరతో కలిసి తంజావూరు, రామనాథపురము, శివగంగలలో ఇంగ్లీషు పాఠశాలలు తెరచారు.

ఆయనయందు లోపము లేదని మేము చెప్పబోము. దేవాలయములో కులములవారీగ వేరువేరుగ కూర్చుండు ఆచారమును ఆయన గట్టిగ ఎదిరింపలేదు. కాలక్రమమున అదే మాసిపోవునని తలంచారు. మాసిపోలేదు. 1833లో బిషప్ విల్సనుగారు దానిని నిషేధించినప్పుడు తంజావూరు సంఘము చీలిపోయింది. క్రీస్తు రాయబారిగా ఆయన ఇంకను ధైర్యముగ పలుకవలసిన మాట అది. దక్షిణ దేశపు సంఘములు ఆ బాకీని చాలకాలము తీర్చవలసి వచ్చింది.

1787లో తుళజాజీ మరణశయ్యమీదనుండి తాను దత్తత చేసుకొన్న శరభోజీ అను పదేండ్ల బాలుని స్వార్ట్జుగారి చేతిలో పెట్టి సంరక్షకునిగ ఉండుమన్నాడు. ఒక రాజ్యమే చేతికి వచ్చినట్లు. ఆయన ఒప్పుకొనలేదు. అది తమ పని కాదని, రాజు తమ్ముడైన అమరసింగునకు అప్పగింపుమని చెప్పారు. రాయబారి పని, రాజు పని ఒకటి కావని ఆయన ఎరుగుదురు. అయితే అమరసింగు తానే సింహాసనమెక్కి బాలుని చీకటి గదిలో పెట్టి చదువు సంధ్యలు లేకుండ చేసినప్పుడు మాత్రము ఊరుకొనలేదు. మద్రాసు ప్రభుత్వమునకు లేఖమీద లేఖ వ్రాశారు. 1793లో బాలుని మద్రాసు చేర్చారు. అక్కడ గెరికేగారు అతనికి విద్య చెప్పించారు. దత్తత చెల్లదన్న మునుపటి తీర్పును ప్రభుత్వము పునర్విమర్శ చేయుటకు ఈ ముసలి పాదిరి వ్రాతలు ఎంతో తోడ్పడినవి.

1794లో మరియొక వ్రాత వ్రాయవలసి వచ్చింది. లండను పార్లమెంటులో ఒక సభ్యుడు మిషనరీల పని వ్యర్థమని, క్రైస్తవులైనవారు నీచులని, స్వార్ట్జుగారినే వారు దోచుకొన్నారని ప్రసంగించాడు. ఆయన బదులు వ్రాశారు. తమ్ముగూర్చి తక్కువగాను, సంఘస్థులనుగూర్చి ఎక్కువగాను వ్రాశారు. సత్యనాథము వంటి ఉపదేశకులు ఎట్లు నడచుకొనుచున్నారో చూపారు. ఈ సత్యనాథమే శ్రీరంగపట్టణమునకు వెంట వెళ్ళినవాడు. 1790లో ఆయన గురుపట్టము పొంది పాళెంకోట సంఘములో సేవ చేశాడు. రాయబారి వెంట నడచినవాడు తానును రాయబారి అయ్యాడు. ఈ సంగతిని స్వార్ట్జుగారి జీవితము వ్రాసిన తెల్లవారు రెండు మాటలలో దాటిపోయారు. మనము దాటిపోరాదు.

1798 ఫిబ్రవరి 13న తంజావూరులో స్వార్ట్జుగారు ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆయనకు 71 సంవత్సరములు. శరభోజీ వచ్చి ముఖము చూచేవరకు సమాధి కార్యక్రమమును నిలిపి ఉంచారు. అతడు కన్నీరు విడిచి, దేహముమీద బంగారు వస్త్రము కప్పి, శ్మశానము వరకు వెంట నడిచాడు. కొద్ది నెలలకే సింహాసనమెక్కాడు. తెలుగు, తమిళ, మరాఠీ, సంస్కృత తాళపత్రములతో సరస్వతీ మహలు గ్రంథాలయమును పెంపొందించిన శరభోజీ ఇతడే. ఆ రాజ్యములోనే, తంజావూరుకు కొద్ది మైళ్ళ దూరమున తిరువయ్యారులో, మన త్యాగయ్యగారు తెలుగులో కృతులు కడుతున్న కాలమది.

కంపెనీవారు మద్రాసు కోటలోని సెయింట్ మేరీ దేవాలయములో స్వార్ట్జుగారికి స్మారకము పెట్టించారు. శరభోజీ వారిని మించాడు. లండనులో ప్రసిద్ధ శిల్పి ఫ్లాక్స్‌మన్‌చేత పాలరాతి శిల్పము చెక్కించి ఓడమీద తెప్పించాడు. అందులో పాదిరిగారు మంచముమీద ఉన్నారు, తలవైపు గెరికేగారు నిలబడి ఉన్నారు, రాజు తలపాగాతో వంగి ఆ ముసలి చేతిని పట్టుకొని ఉన్నాడు. క్రింద చెక్కించిన ఇంగ్లీషు పద్యము శరభోజీ స్వయముగ కూర్చినది. కడవరకు హిందువుగనే ఉన్న ఒక రాజు ఒక క్రైస్తవ గురువునుగూర్చి వ్రాసి, దేవాలయములో నిలిపిన ఆ ఫలకము శివగంగ కోనేటి ప్రక్కనున్న స్వార్ట్జు చర్చిలో నేటికిని ఉన్నది.